పండగ పూట దాల్చిన బిస్కెట్లు: గోధుమ లేకుండా, చక్కెర లేకుండా

నేను చదువుకున్నది, పాఠం చెప్పేది ఆహార సాంకేతిక శాస్త్రం. క్రిస్మస్ ముందు మన గుంటూరులో ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

డిసెంబరు వచ్చిందంటే నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న. “మా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారమ్మా. పండక్కి గ్లూటెన్ లేని బిస్కెట్లు చేస్తే వాళ్లు తినొచ్చా?” ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. గ్లూటెన్ సంగతి వేరు, షుగర్ సంగతి వేరు. ముందు వాటిని విడదీస్తాను.

గోధుమపిండి ముద్దను గిన్నెడు నీళ్లలో పిసుకుతూ కడగండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ తెలుపు పిండిపదార్థం. నీళ్లు మార్చి మార్చి కడిగితే చివరికి చేతిలో బూడిద రంగు ముద్ద మిగులుతుంది, లాగితే సాగుతుంది. అదే గ్లూటెన్. అది మాంసకృత్తు. రక్తంలో చక్కెరను పెంచేది అది కాదు, మీరు కడిగి పారబోసిన ఆ తెల్లటి నీళ్లు.

మరి గ్లూటెన్‌తో ఎవరికి పేచీ? సీలియాక్ అనే జబ్బు ఉన్నవాళ్లకు. వాళ్లు గోధుమ, బార్లీ, రై తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటపట్టదు. పిల్లలు ఎదగరు. దీనికి కారణం గోధుమేనని తేల్చినవాడు విల్లెం కారెల్ డిక్ అనే డచ్చి పిల్లల వైద్యుడు. 1944–45 చలికాలంలో, యుద్ధం నడుస్తుండగా, నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. అంతకుముందు నుంచే డిక్‌కి గోధుమ మీద అనుమానం ఉండేది. ఆ కరువు కాలపు అనుభవంతో అది బలపడింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో దాన్ని రుజువులతో సహా పెట్టాడు. ఎంతోమంది పిల్లల ప్రాణాలు నిలబెట్టిన పని అది.

ఈ జబ్బు మన దేశంలో గోధుమ రొట్టెలు తినే ఉత్తరాదిలో ఎక్కువ, మన దక్షిణాదిలో చాలా తక్కువ. తక్కువే గానీ లేకపోలేదు. ఉన్నవాళ్లకు మన వంటింట్లో కనపడని గోధుమ చాలా ఉంటుంది. ఉప్మా రవ్వ గోధుమే. సేమ్యా చాలావరకు గోధుమే. డబ్బాలో వచ్చే ఇంగువ పొడిలో గోధుమపిండి కలపడం మామూలు. ఇంట్లో సీలియాక్ ఉన్నవాళ్లుంటే ఇంగువ డబ్బా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. మన ఆహార భద్రతా సంస్థ లెక్కలో “గ్లూటెన్ ఫ్రీ” అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఎంత తక్కువో చూడండి. చపాతీలు ఒత్తిన కర్రతోనే ఈ బిస్కెట్లు ఒత్తితే ఆ గీత దాటిపోవచ్చు. వాళ్లకోసం చేసేటప్పుడు పీట, కర్ర, జల్లెడ వేరేవి ఉండాలి.

ఇక రెండోది, షుగర్. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారు. ఈ హాల్లో కూర్చున్న ప్రతి కుటుంబానికీ తగిలే విషయం ఇది. వీళ్లలో చాలామంది “గ్లూటెన్ ఫ్రీ” అన్న పొట్లం చూసి, ఖరీదు పెట్టి, మంచిదని కొనుక్కుంటున్నారు. ఆ పొట్లంలో మైదా బదులు ఉండేది సాధారణంగా బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి. వంద గ్రాముల మైదాలో పిండిపదార్థం సుమారు 75 గ్రాములు. బియ్యప్పిండిలో 80. చక్కెర ఎలాగూ ఉంటుంది. షుగర్ ఉన్న మనిషికి అందులో ఒరిగిందేమీ లేదు. నాకు బాధ కలిగించే విషయం ఇది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

రెండు పనులూ ఒక్క బిస్కెట్టులో జరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తగా కనిపెట్టక్కర్లేదు. జర్మనీలో, స్విట్జర్లాండులో క్రిస్మస్ ముందు నాలుగు వారాల్లో చేసే త్సిమ్ట్‌ష్టెర్నె ఉంది. దాల్చిన నక్షత్రాలు అనుకోండి. మన ఊళ్లో లూథరన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. 1842లో ఈ గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారు అమెరికా నుంచి వచ్చినా, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో. ఆయన దేశంలో పండగ పూట చేసుకునే వంటకం ఇది. అందులో ఉండేవి బాదం పొడి, గుడ్డు తెల్లసొన, చక్కెర, దాల్చిన చెక్క. గోధుమ చిటికెడు కూడా పడదు. గ్లూటెన్ అన్న మాట ఊళ్లో వినపడక ముందునుంచీ అది అలాగే ఉంది.

అలా కుదరడానికి కారణం ఉంది. బ్రెడ్డుకు గ్లూటెన్ ప్రాణం, అది సాగితేనే లోపల గాలి నిలుస్తుంది. బిస్కెట్టుకు అది అడ్డం. మైదాతో బిస్కెట్లు చేసే బేకరీవాళ్లు కూడా పిండిని ఎక్కువ పిసకనివ్వరు, ముందు నెయ్యో డాల్డానో పట్టిస్తారు. గ్లూటెన్ సాగకూడదనే ఆ తంటా అంతా. అందుకని బిస్కెట్టులోంచి గోధుమ తీసేయడం తేలిక. ముక్కలను పట్టి ఉంచే పని తెల్లసొన చేస్తుంది, వేడికి గట్టిపడుతుంది కాబట్టి. వంద గ్రాముల బాదంలో పిండిపదార్థం మొత్తం 21 గ్రాములైతే అందులో 12 గ్రాములు పీచే.

కష్టమంతా చక్కెర దగ్గరుంది. పాత పద్ధతిలో బాదంతో ఇంచుమించు సమానంగా చక్కెర పోస్తారు. తీపి ఒక్కటే దాని పని కాదు. బరువు, కరకర, రంగు, తడి నిలపడం, నాలుగు రోజులు నిలవుండటం, అన్నీ దానివే. స్టీవియా లాంటి తీపి పొడి చిటికెడు వేస్తే తీపి వస్తుంది, మిగతావేవీ రావు. ఎవరైనా “బెల్లం వేసుకోవచ్చుగా” అంటారు. ఇనుము ఉంటుందనీ, సహజమనీ అంటారు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. తేనె, ఖర్జూరం కూడా షుగర్ లెక్కలో అదే కోవ. దయచేసి షుగర్ ఉన్న అమ్మమ్మకు బెల్లం బిస్కెట్టు పెట్టి “నీకు పర్లేదే” అనకండి.

చక్కెర బదులు నేను వాడేది ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం. చక్కెరకు బరువుగా సాటి వస్తుంది, తీపి మాత్రం మూడింట రెండు వంతులు. ఒంట్లో చాలావరకు విరగకుండానే మూత్రంలో పోతుంది, రక్తంలో చక్కెరను పెంచదు. కొనేటప్పుడు పొట్లం వెనక చూడండి. డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపి అమ్మేవి ఉన్నాయి, ఆ రెండూ చక్కెరను పెంచేవే. “షుగర్ ఫ్రీ” బిస్కెట్లలో వాడే మాల్టిటాల్ కూడా కొంత పెంచుతుంది. ఎరిత్రిటాల్‌కు రెండు మొండి గుణాలున్నాయి. ఒకటి, అది ఎర్రబడదు. వేగిన రంగు కోసం ఎదురుచూస్తే అడుగు మాడుతుంది. రెండోది, చల్లారాక మళ్లీ పలుకు కడుతుంది, నాలుక మీద చల్లగా తగులుతుంది. మిక్సీలో పొడి చేసి, మూత వెంటనే తీయకుండా పొడి అణిగాక వాడితే పలుకు చాలావరకు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక దాచకుండా చెప్పాలి. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అది కారణమని తేలలేదు, మన శరీరం కూడా దాన్ని కొంత తయారు చేసుకుంటుంది. కానీ తేలేదాకా రోజూ తాగే కాఫీలో, టీలో కలుపుకోవద్దనే నా అభిప్రాయం. గుండె జబ్బు ఉన్నవాళ్లు మీ డాక్టరును అడగండి. పండగకు రెండు మూడు బిస్కెట్లు వేరు.

ఇప్పుడు చేసే విధం. బాదం 300 గ్రాములు, పొట్టుతోనే. మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఒకే బిగిన తిప్పితే నూనె దిగి ముద్దవుతుంది. రెండు గుడ్ల తెల్లసొన పొడి గిన్నెలో పోయండి. పచ్చసొన చుక్క పడినా, గిన్నెకు నూనె జిడ్డున్నా నురగ లేవదు. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి గిలకొట్టండి. నురగ తెల్లబడ్డాక 120 గ్రాముల ఎరిత్రిటాల్ పొడి చెంచా చెంచాగా వేస్తూ, గిన్నె వంచినా జారనంత గట్టిగా చేయండి. అందులో మూడు గరిటెలు పక్కన పెట్టుకోండి, పైపూతకు. మిగతాదాంట్లో బాదం పొడి, రెండు చిన్న చెంచాల దాల్చిన పొడి కలపండి. ముద్ద చేతికి అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. పొడిబారిందని నీళ్లు పోయొద్దు, అంటుకుంటోందని పిండి చల్లొద్దు. రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అర అంగుళం కంటే కొంచెం పల్చగా ఒత్తి, గంట ఫ్రిజ్‌లో పెట్టండి. అచ్చును ప్రతిసారీ నీళ్లలో ముంచి కోయండి. పైన తెల్లసొన పూసి, 150 డిగ్రీల వేడిలో 12 నుంచి 15 నిమిషాలు. తెలుపు తెల్లగానే ఉండాలి. బయటికి తీయగానే మెత్తగా ఉంటే కాలలేదని మళ్లీ లోపల పెట్టకండి. ట్రేలోనే చల్లారనివ్వండి, గట్టిపడతాయి.

ఈ లెక్కకు సుమారు 40 బిస్కెట్లు వస్తాయి. ఒక్కోదాంట్లో పీచు పోను పిండిపదార్థం గ్రాములో మూడొంతులు కూడా ఉండదు. పాత పద్ధతిలో చేస్తే చక్కెరే ఏడు గ్రాములు పడేది. అయితే బాదంలో సగం నూనె. ఒక్కో బిస్కెట్టు 40 కేలరీల పైమాటే. షుగర్ పెరగదని పదీ పదిహేనూ తింటే బరువు పెరుగుతారు.

ఇక ఈ వేదిక ఎక్కడానికి నన్ను ముఖ్యంగా పురిగొల్పిన సంగతి, చెక్క. పేరుకు దాల్చినే గానీ బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి శ్రీలంక దాల్చిన. కాగితంలా పల్చటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని, మన పొగాకు చుట్టను అడ్డంగా కోసినట్టు ఉంటుంది. లేత గోధుమ రంగు, వేళ్లతో నలిపితే విరుగుతుంది. రెండోది కాసియా. చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వస్తుంది. ఒకే మందపాటి పొర, ముదురు ఎరుపు, విరగ్గొట్టాలంటే రోలు కావాలి. మన కిరాణా కొట్లో చెక్క అని ఇచ్చేది ఎక్కువగా ఇదే. బిర్యానీలో ఒక ముక్క వేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఘాటు దీనికే ఎక్కువ.

ఇబ్బందల్లా కూమరిన్ అనే పదార్థంతో. కాసియా పొడి కిలోలో అది సగటున 3,000 మిల్లీగ్రాములుంటుందని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ లెక్క. శ్రీలంక చెక్కలో లేశమాత్రం. కొందరికి కూమరిన్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, మానేస్తే సాధారణంగా కుదుటపడుతుంది. రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము వరకు ఫర్వాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది. 2006లో జర్మనీలో పెద్ద చర్చకు దారితీసింది ఈ నక్షత్రాల బిస్కెట్లే. 15 కిలోల పిల్లవాడికి రోజుకు ఆరు చిన్న నక్షత్రాలు మించి పెట్టొద్దని అక్కడి అధికారులు చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఐరోపా సంఘం పండగ బేకరీ సరుకుకు కిలోకు 50 మిల్లీగ్రాముల హద్దు గీసింది. మనం చెప్పుకున్న వంటలో రెండు చెంచాలు కాసియా వేస్తే 15 మిల్లీగ్రాములు, అంటే ఆ పిల్లవాడికి నాలుగు బిస్కెట్లతోనే రోజు హద్దు నిండుతుంది. అదే శ్రీలంక చెక్కతో చేస్తే ఆ లెక్క వేయాల్సిన పనే లేదు. ఒక్క రోజు హద్దు దాటితే ఏదో అయిపోతుందని కాదు. రోజూ దాటుతుంటేనే భయం.

రోజూ దాటేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. బిస్కెట్లతో కాదు, పొద్దున్నే పరగడుపున చెంచాడు చెక్క పొడి వేడినీళ్లలో కలుపుకుని షుగర్ తగ్గుతుందని తాగడంతో. దీనికి మూలం 2003లో పాకిస్తాన్‌లో 60 మంది మీద జరిగిన ఒక పరిశోధన. రోజుకు ఒకటి, మూడు, ఆరు గ్రాముల కాసియా ఇచ్చి చూశారు, చక్కెర తగ్గిందన్నారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో లేదు. 2012లో వైద్య పరిశోధనలను మదింపు చేసే కొక్రేన్ సంస్థ అన్నిటినీ కలిపి చూసి, మధుమేహానికి దాల్చిన వాడమని చెప్పడానికి చాలినంత ఆధారం లేదంది. 60 కిలోల మనిషికి రోజుకు రెండు గ్రాముల కాసియాతో హద్దు నిండుతుంది. ఒక చెంచాతోనే దాన్ని దాటేస్తున్నారు. దాని మీద నమ్మకంతో మాత్రలు తగ్గించుకునేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. చెక్క రుచికోసం వాడండి. షుగర్‌కు డాక్టరిచ్చిన మాత్ర వాడండి.

పొడి కొంటే ఏ చెక్కో కంటితో పోల్చుకోలేం. చెక్కగా కొని, చూసి, ఇంట్లో దంచుకోండి. శ్రీలంక చెక్క ఖరీదు ఎక్కువే. బిస్కెట్లకు కావలసింది ఐదు గ్రాములే కదా.

పక్కన బల్ల మీద రెండు పళ్లేలు పెట్టించాను. ఎడమ పళ్లెంలోవి కాసియాతో చేసినవి, కుడి పళ్లెంలోవి శ్రీలంక చెక్కతో చేసినవి. వాసన చూడండి, ఒక్కొక్కటి తిని తేడా చెప్పండి. బాదం పడనివాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముట్టుకోవద్దు. చంటిపిల్లల తల్లులు కుడి పళ్లెంలోవి తీసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.