పగటి వెలుగులో పాట
(ఉగాది ఏర్పాట్ల సభలో చేసిన ప్రసంగం)



నేను రైల్వే గుమాస్తాను. నా చదువు మెట్రిక్‌తో సరి. సంగీతశాస్త్రం చెప్పటానికి నిలబడలేదు. ఉగాది నాటకానికి హార్మోనియమే ఉండాలని పెద్దలు, కీబోర్డు కావాలని కుర్రవాళ్ళు నెలరోజులుగా వాదించుకుంటున్నారు. రిహార్సలు మాత్రం ఒక్కటీ జరగలేదు. అందుచేత ఒక పరదేశపు బృందం సంగతి మనవి చేస్తాను.

దాని పేరు క్వీన్. 1970లో లండనులో ఏర్పడిన రాక్ బృందం. అందులో గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1946లో జాంజిబారులో పుట్టిన పార్సీ బిడ్డ. చదివింది మన మహారాష్ట్రలోని పంచగనిలో, పేరు తెచ్చుకున్నది ఇంగ్లండులో. వలసవచ్చిన మనకు అటువంటి బ్రతుకు విడమరచి చెప్పనక్కరలేదు.

వారిది నాటకఫక్కీ. వేషాలు, దీపాలు, పొగ అన్నీ ఉండేవి. 1975లో ‘బొహీమియన్ రాప్సడీ’ పాటలో ముగ్గురి గొంతులనే పదేపదే ముద్రించి, పెద్ద బృందగానంలా వినిపించారు. సింథసైజరు వాడలేదని తొలి ఆల్బముల అట్టలమీద అచ్చువేసుకున్నవారే 1980లో దానిని చేపట్టారు. 1982లో డిస్కో బాణీకి మళ్ళితే పాత అభిమానులు చాలామంది నొచ్చుకున్నారు.

1985 జూలై 13న ఇథియోపియా క్షామబాధితుల సహాయార్థం వెంబ్లీ మైదానంలో లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది. వీరికి దక్కినది ఇంచుమించు ఇరవై నిమిషాలు. అదీ పగటి వెలుగులో. దీపాల హంగు పనికిరాదు. ముందుగానే ఒక నాటకశాలలో చేరి గట్టిగా సాధన చేశారు. జనం ఎరిగిన పాటలే ఏరి, కుదించి, ఒకదానివెంట ఒకటి కూర్చారు. సింథసైజరుతో అల్లిన ‘రేడియో గాగా’ వంతు రాగానే, సుమారు 72 వేల జనం చేతులెత్తి ఒక్కమారుగా చప్పట్లు కొట్టారు. కొత్త వాద్యం ఆ పాటను జనానికి దూరం చేయలేదు.

పెద్దలు మన్నించాలి. హార్మోనియం మాత్రం మనదా? ఫ్రాన్సులో పుట్టి వచ్చి మన పద్యానికి తోడయింది. కుర్రవాళ్ళూ ఆలోచించాలి. కీబోర్డు ఎంత మోగినా పద్యం నోటికి రాకపోతే ఈ ఊళ్ళో పుట్టిన మన పిల్లలకు తెలుగు చెవిన పడేదెలా? చాలామందికి ఇంటి వెలుపల తెలుగు వినబడేది ఈ వేదికమీదనే గదా.

కనుక పద్యానికి హార్మోనియం, పాటకు కీబోర్డు పెట్టుకుందాం. వచ్చే ఆదివారంనుంచి అందరం రిహార్సలుకు వద్దాం. పద్యం చదివే ప్రతి పిల్లవాడికీ దాని అర్థం ఒక పెద్దవారు చెప్పాలి. ఆ పని ఎవరు చేస్తారో ఈ సభలోనే తేల్చమని నా ప్రార్థన.