దూరవిద్యకు కబురు మోసే ఫీడు రీడరు



ఈ పూట ఎరువుల సంగతి గాని, విత్తనాల సంగతి గాని చెప్పబోవటం లేదు. పొలం పని చేసుకుంటూనే చదువుకొనేవారున్నారు గదా, వారికి కబురు అందే తోవ ఒకటి చెప్పుకుందాము. తిరిగి తిరిగి అదీ పొలానికే వస్తుంది లెండి.

దూరవిద్య మనకు కొత్త గాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము పెట్టినారు. దేశం మొత్తంలో అటువంటిది అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టినారు. బడి మధ్యలో మానినవారికి గూడా డిగ్రీ చదివే వీలు దానితో కలిగింది. ఆదిలాబాదు నుంచి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. పోకుండానే చదువు వచ్చే మార్గం పడింది. అచ్చు పుస్తకాలు వచ్చినవి, రేడియో పాఠాలు వచ్చినవి, టి.వి. పాఠాలు వచ్చినవి. ఈనాడు టి-శాట్ పాఠాలు యూట్యూబులో ఎప్పుడు తీరితే అప్పుడు చూసుకోవచ్చును. పాఠాలకు కరువు లేదు. కరువంతా కబురుకే.

అదెట్లా అంటారా? ధర్మపురి తట్టు ఒక పల్లెలో ఒక కోడలు డిగ్రీ చదువుతున్నదనుకోండి. పరీక్ష ఫీజు కట్టే తేదీ విశ్వవిద్యాలయం వారి వెబ్‌సైటులో పెడతారు. అప్పుడు ఆమె నాట్లలో వున్నది. పది రోజులు ఫోను తీసి ఆ పేజీ చూసే తీరిక లేకపోయింది. తేదీ దాటింది. ఆలస్య రుసుముతో కట్టే గడువూ దాటింది. పుస్తకాలన్నీ చదివినా పరీక్ష ఈ విడతకు లేదు. ఆమె తెలివికి లోటు లేదు, పాఠానికీ లోటు లేదు. కబురు మాత్రం ఒకచోట పడి వున్నది, ఆమె మరొకచోట వున్నది.

"వాట్సాపు గ్రూపు వుంది గదా" అని మీరనవచ్చు. వున్నది. అందులో పొద్దున్నే దేవుళ్ళ పటాలు, ఆపై పెళ్ళి పిలుపులు, ఆపై ఎవరో ఎక్కడినుంచో పంపిన మాటలు. వాటి కింద ఫీజు తేదీ మునిగిపోతుంది. దానికన్నా పెద్ద ముప్పు మరొకటి వున్నది. ముందరికి తోసిన కబురుకు పుట్టిన తేదీ వుండదు, కన్నవారి పేరు వుండదు. వరిలో ఉల్లికోడుకు ఫోరేట్ గుళికలు చల్లమని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే చెప్పినారు, అది నిజమే. కాని 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి ఫోరేటు నిషేధం. ట్రైజోఫాసు, డైక్లోర్వాసు గూడా దానితో బాటే పోయినవి. పాత సలహా ఇప్పటికీ గ్రూపుల్లో తిరిగితే, చూసే రైతుకు అది నిన్నటిదో, పదేళ్ళ కిందటిదో ఎట్లా తెలియాలి? అక్షరాలు పాతబడవు గదా, కాగితమైతే పసుపెక్కేది.

ఇక్కడనే ఫీడు రీడరు అనే పనిముట్టు అక్కరకు వస్తుంది. పేరు కొత్తగా వినపడుతుందేమో గాని, వస్తువు పాతదే. 1999లో అమెరికాలో నెట్‌స్కేపు కంపెనీవారు దీన్ని మొదలుపెట్టినారు. దీన్నే ఆర్.ఎస్.ఎస్. అంటారు. సంగతి యింతే: వెబ్‌సైటువారు తమ పేజీలతో బాటు ఒక చిన్న చిట్టా వుంచుతారు. కొత్తగా ఏమి పెట్టినా దాని శీర్షిక, తేదీ, రెండు ముక్కల సారాంశం, అసలు పేజీ చిరునామా ఆ చిట్టాలో ఎక్కుతవి. ఆ చిట్టాయే ఫీడు. మీ ఫోనులోని రీడరు కొంత సేపటికొకసారి పోయి ఆ చిట్టాలు చూసి, కొత్తవి వుంటే తెచ్చి పెడుతుంది.

మన గౌడన్నను చూడండి. మోకు వేసుకొని పొద్దున, సాయంత్రం తన చెట్లన్నీ ఎక్కి దిగుతాడు. మనం చెట్టు చెట్టుకూ తిరగనక్కర లేదు. రీడరు చేసే పనీ అదే. ఒక తేడా వున్నది. గౌడన్న కల్లంతా ఒక కుండలో పోస్తాడు, రీడరు మాత్రం ఏ చెట్టుది ఆ చెట్టు పేరుతోనే వుంచుతుంది. ఇది ఎవరు చెప్పినారు, ఏ రోజున చెప్పినారు అన్నది కళ్ళ ముందర వుంటుంది. చదవనిది చదవనిదిగానే నిలిచి వుంటుంది. నాట్లయి యింటికి వచ్చిన పదకొండో రోజున తీసినా ఆ ఫీజు కబురు అక్కడే కాచుకొని వుంటుంది. ఏ కబురు పైకి రావాలో, ఏది కిందికి పోవాలో మధ్యన కూర్చొని తేల్చే కంపెనీ పెత్తనం వుండనక్కర లేదు.

గుట్టల నడుమ వున్న గూడేలకు మరొక లాభం. సిగ్నలు వున్నచోట, సంతకు వచ్చినప్పుడో, మండల కేంద్రానికి వచ్చినప్పుడో, ఒకసారి తెప్పించుకుంటే చాలు, యింటికి పోయి సిగ్నలు లేకున్నా చదువుకోవచ్చును. అక్షరాలు తేలిక, వీడియోలే బరువు. ఆదిలాబాదు తట్టు మరాఠీ చదవగలిగినవారున్నారు. పెన్‌గంగ అవతల యవత్మాలులో పత్తి మీద ఏమి రాస్తున్నారో గూడా అదే పెట్టెలో చేర్చుకోవచ్చును, దానికి భాష అడ్డం కాదు.

చదువులో దీన్ని నిజంగా వాడి చూసినవారున్నారు. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం తరఫున జార్జి సీమెన్సు, స్టీఫెన్ డౌన్సు అనే యిద్దరు ఒక కోర్సు నడిపినారు. ఫీజు కట్టినవారు 25 మంది వరకే. ఫీజు లేకుండా దూరాన వుండి చేరినవారు 2,200 మందికి పైగా! అంతమందిని ఒక గదిలో కూర్చోబెట్టటం జరిగే పని కాదు. ఎవరి చోట వారు రాసుకున్నారు. డౌన్సు తయారుచేసిన సాధనం వారి ఫీడులన్నీ పోగుచేసి రోజూ ఒక పత్రంగా అందరికీ పంపింది. ఉపాధ్యాయుడు చెప్పిన పాఠం ఒక్కటే గాక, తోటి విద్యార్థి ఏమనుకున్నాడో గూడా అందరికీ అందింది. మన అధ్యయన కేంద్రంలో ఆదివారం క్లాసుకు పదిమంది రావటమే కష్టమైనప్పుడు, ఈ ఏర్పాటు ఆలోచించదగినదే గదా.

లోపం చెప్పకపోతే న్యాయం కాదు. అన్ని వెబ్‌సైట్లకూ ఫీడు వుండదు. నోటీసును బొమ్మగానో, పి.డి.ఎఫ్. గానో అతికించి వూరుకొనే కార్యాలయాలు చాలా వున్నవి. అటువంటి చోట రీడరుకు దొరికేది శూన్యం. అందుకని ఈ మాట విస్తరణాధికారులకు, అధ్యయన కేంద్రాలవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. వర్డ్‌ప్రెస్, బ్లాగర్ వంటి ఉచిత వసతుల్లో మీరొక పేజీ తెరిస్తే ఫీడు దానంతటదే పుడుతుంది, విడిగా చేయవలసిన పని లేదు. పరీక్ష తేదీ వచ్చిందా, నాలుగు వాక్యాలు తెలుగులో టైపు చేసి అందులో పెట్టండి. వాతావరణ శాఖవారి వ్యవసాయ సలహా మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. అందులో మీ మండలానికి పనికివచ్చే రెండు ముక్కలు తీసి పెట్టండి. ఒక్కసారి చేరిన రైతుకు మళ్ళీ మళ్ళీ పంపవలసిన శ్రమ మీకుండదు. గ్రూపులో ఎవరిని చేర్చినాము, ఎవరు బయటికి పోయినారు అన్న లెక్కా వుండదు.

ఇక పెట్టుకొనే తీరు. ఆండ్రాయిడు ఫోనుకు ఫీడర్ అనే ఉచిత యాప్ వున్నది. ఫీడ్లీ, ఇనోరీడర్ అనేవి ఫోనులోను, కంప్యూటరులోను పనిచేస్తవి. తెరిచి, కావలసిన వెబ్‌సైటు చిరునామా అందులో వేస్తే ఫీడు వుందో లేదో అదే వెతుకుతుంది. యూట్యూబు చానళ్ళకు గూడా ఫీడు వుంటుంది, కాబట్టి టి-శాట్ చానలును చేర్చుకోవచ్చును. మొదట అయిదు చోట్ల కన్న ఎక్కువ చేర్చవద్దు. యాభై చేర్చినవాడు వారం తిరగకుండా మానేస్తాడు.

మరొక జాగ్రత్త వున్నది. గూగుల్ రీడరు అని ఒకటి 2005లో వచ్చి లక్షలమందికి అలవాటై, 2013 జూలై 1న మూతపడింది. కనుక మీరు చేర్చిన చిరునామాల పట్టీని అప్పుడప్పుడు బయటికి తీసి దాచుకోండి. ఓ.పి.ఎం.ఎల్. అనే పేరుతో ఆ వసతి రీడర్లలో వుంటుంది. ఒకటి మూతపడితే పట్టీ తీసుకుపోయి మరొకదానిలో వేసుకోవచ్చును.

పని ముమ్మరంగా వున్న ఆషాఢ, శ్రావణాల్లో చదవనివి వంద దాకా పేరుకొంటవి. కంగారుపడవద్దు. అన్నీ చదివినట్టు గుర్తు పెట్టే మీట ఒకటి వుంటుంది, నొక్కేయండి. నొక్కేముందు అధ్యయన కేంద్రం పేరు కింద ఏమున్నదో మాత్రం ఒకసారి చూసుకోండి. ఫీజు తేదీ అక్కడనే వుంటుంది.