ఒక కంటి మసకను ఉపేక్షింపరాదు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



గత వర్షకాలమున మన సంఘపు పెద్ద యొకరికి తెల్లవారి లేచునప్పటికి ఒక కన్ను మసకబారినది. నొప్పి లేదు, ఎఱుపు లేదు. శుక్లమని తలచి రెండు నెలలు కళ్ళజోళ్ళు మార్చుచు గడపిరి. నిపుణుని కడకు చేరునప్పటికి ఆ కంట వ్రేళ్ళు లెక్కించు చూపే మిగిలెను. ప్రతివారము వారిని చూచుచుండియు మేము అడుగలేదు. అందుచేతనే నేడు ఈ మాటలు మనవి చేయుచున్నాము.

శుక్లము మెల్లమెల్లగ ముదురును. ఒక కంటి చూపు హఠాత్తుగ తగ్గినచో లోపలి రెటీనాలో సిర మూసుకొని యుండవచ్చును. రక్తపు పోటు వలన గట్టిపడిన ధమని ప్రక్కనున్న సిరను నొక్కును. నీరు పోవు కాలువ పూడినచో పొలము మునిగినట్లు, రెటీనాలో చెమ్మ ఊరి, చూపునకు కీలకమైన నడిభాగము వాచును. 50 ఏండ్లు దాటినవారికిని, రక్తపు పోటు, మధుమేహము, నీటికాసులు కలవారికిని ఈ భయ మెక్కువ.

వాపును తగ్గించుటకు నేడు కంటిలోనికి ఇచ్చు సూదిమందులు కలవు. ఆలస్యమైనచో వాని ఫలము తగ్గును. కొందఱికి కొన్ని నెలలలోనే క్రొత్త రక్తనాళములు మొలచి, కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు పూర్తిగ పోవును. కావున కళ్ళజోళ్ళ దుకాణముతో ఆగక, వైద్యునిచేత చీటి వ్రాయించుకొని, వెంటనే రెటీనా నిపుణుని చూడవలయును. 1819లో నెలకొనిన చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బెంగుళూరు మింటో ఆసుపత్రి, భువనేశ్వరమున ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ మనవారికి అందుబాటున నున్నవి. పిదప రక్తపు పోటును, చక్కెరను పరీక్షింపించుకొనుట మఱువరాదు. రెండవ కంటికి అదియే రక్ష.

రెండు కన్నులు తెరచి యున్నప్పుడు ఒక కంటి లోపము తెలియదు. కావున నెలకొకమారు ఒక్కొక్క కన్ను మూసి మన పత్రికను చదివి చూడుడు.

మన పెద్దలు బజారున తమిళమో, కన్నడమో, ఒడియాయో చక్కగనే మాటలాడుదురు. బాధ చెప్పునప్పుడు మాత్రము నోట తెలుగే వచ్చును. మసక ఏనాడు మొదలైనదో వైద్యునికి సరిగ తెలియవలయును గదా! తోడు లేనివారు సంఘమునకు కబురంపుడు. మాలో నొకరము వెంట వత్తుము. ఇకమీద అడుగక యుండము.