షుగరు వ్యాధి, థైరాయిడ్, డబ్బా పొడులు
(ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను వేతనములను గూర్చిగాని, పింఛనును గూర్చిగాని మాట్లాడుట లేదు. వర్క్‌షాపులోను, రన్నింగ్ రూములోను, తపాలా సార్టింగు బల్లల వద్దను మనవారు గొంతు తగ్గించి చెప్పుకొనుచున్న విషయమొకటి కలదు. అది షుగరు వ్యాధి. దానిని గొంతు పెంచి చెప్పవలెనని వచ్చినాను.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి ఈ ఊరికి వచ్చిన మన తాతలు చోడి అంబలి త్రాగి, బొగ్గు ఇంజనుల యొద్ద చెమటోడ్చినారు. 1927లో ఇక్కడ సమ్మె చేసినవారు వారే. మనుమలమైన మనము కూర్చుండి పనిచేయుచు, మూడు పూటల పాలిష్ బియ్యము తినుచు, రాత్రి డ్యూటీలలో తియ్యని టీతో నిద్రను ఆపుకొనుచున్నాము. భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త పరిశీలన 2023లో వెలువడినది. వయోజనులలో నూటికి 11.4 మందికి, అనగా పది కోట్లకు పైగా జనులకు, ఈ వ్యాధి ఉన్నట్లు అందులో తేలినది.

ఇంతమంది రోగులున్నచోట వ్యాపారి రాకుండునా? మెగ్నీషియం, జింకు, క్రోమియం, సెలీనియం కలిపిన డబ్బాలు జీతాల వారమున కాలనీలలోనికి వచ్చుచున్నవి. మూడు నెలలలో మాత్రలు మానిపింతుమని మాట ఇచ్చుచున్నారు. నాకు తెలిసిన ఒక ఫిట్టరు ఆ మాట నమ్మి మెట్‌ఫార్మిన్ మానినాడు. కాలి పుండు ముదిరి రెండు వ్రేళ్ళు పోయినవి. ఆ డబ్బాలోని పదార్థములు అబద్ధములు కావు. వాటి పేర చెప్పుచున్నది అబద్ధము.

రెండవ రకము మధుమేహములో తొలినాళ్ళలో ఇన్సులిన్ లేకపోవుట ఉండదు. పోస్ట్‌మ్యాన్ వచ్చి తలుపు తట్టుచున్నాడు, ఇంటివారు తీయుట లేదు. ఉత్తరములు వీధిలో పేరుకొనుచున్నవి. ఇదే ఇన్సులిన్ నిరోధము. రక్తములో చక్కెర నిలిచిపోవును. క్లోమము మరింతమంది పోస్ట్‌మ్యాన్లను పంపును. ఏండ్ల తరబడి ఓవర్‌టైము చేసి తుదకు అలసిపోవును. పొట్టలో, కాలేయములో చేరిన కొవ్వు, కదలిక లేని పని, నిద్ర చెడిన రాత్రులు, వంశపారంపర్యము – ఇవి తలుపు బిగియుటకు ముఖ్య కారణములు.

ఇందు ఖనిజముల పాత్ర ఏమి? ఇన్సులిన్ కబురు కణము లోపలికి చేరుటకు మెగ్నీషియం అవసరము. చక్కెర అదుపు తప్పినప్పుడు అది మూత్రములో పోవును. లోపము వలన నిరోధము మరింత పెరుగును. క్లోమము ఇన్సులిన్‌ను నిలువచేయునది జింకుతో కట్టి. అయితే లోపమును పూరించుట వేరు, లోపము లేనివానికి డబ్బాలు త్రాగించుట వేరు. క్రోమియం వలన షుగరు తగ్గునని చెప్పుటకు బలమైన ఆధారము లేదు. సెలీనియం కథ ఇంకను విచిత్రము. దినమునకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఏండ్ల తరబడి తీసికొన్నవారిలో మధుమేహము తగ్గకపోగా ఎక్కువ మందికి వచ్చినట్లు ఒక అమెరికా పరిశీలన 2007లో తెలిపినది. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి మెగ్నీషియం పొడులు అపాయకరము. పొటాషియం కలిపిన ‘తక్కువ సోడియం’ ఉప్పు కూడ అట్టివారికి ప్రమాదమే. చోళ్ళు, పప్పులు, ఆకుకూరలు, నువ్వులు, వేరుశనగ – మెగ్నీషియం వీటిలోనే ఉన్నది; గోల్ బజారులో దొరకని వస్తువేదియు ఇందులో లేదు. అయితే చోళ్ళు కూడ ధాన్యమే. జావగా కాచి చెంబెడు త్రాగిన షుగరు పెరుగును, కొలత ముఖ్యము.

ఇక థైరాయిడ్. ఆ హార్మోను అయొడిన్‌తో తయారగును. హిమాలయ పాదములలోని కాంగ్రా లోయలో 1956లో మొదలైన ప్రయోగము అయొడిన్ ఉప్పుతో గళగండము తగ్గునని నిరూపించినది. దానిని నడిపిన డాక్టరు వి. రామలింగస్వామి శ్రీకాకుళమున పుట్టినవారని మనలో ఎందరికి తెలియును? ఆ శాస్త్రము ఫలితముగానే నేడు మన ఇంటి ఉప్పులో అయొడిన్ ఉన్నది. ఇప్పుడు ‘84 ఖనిజములు’ అను ప్రచారమునకు మోసపోయి, దానిని మాని సైంధవ లవణమే వాడుచున్నవారు ఆలోచింపవలెను. పోనీ అని విడిగా అయొడిన్ మోతాదులు మ్రింగుటయు తప్పే. అతిగా చేరినను ఆ గ్రంథి చెడును.

థైరాయిడ్ మందగించిన కొలెస్టరాల్ పెరుగును, ఇన్సులిన్ నిరోధము హెచ్చును. అయినను ఇన్సులిన్ సూది తీసికొనువారిలో, ఆ మందు శరీరము నుండి నెమ్మదిగా పోవుట వలన షుగరు హఠాత్తుగా పడిపోవచ్చును. గ్రంథి మితిమీరి పనిచేసిన కాలేయము చక్కెరను ఎక్కువగా వదలును. మనిషి చిక్కిపోవును, గుండె దడ పుట్టును. వాటిని షుగరు లక్షణములే అనుకొని మోతాదు పెంచుకొనుచు పోవువారున్నారు. ఒక్క టి.ఎస్.హెచ్. పరీక్ష ఈ చిక్కును విప్పును. జుట్టు కొరకు బయోటిన్ మాత్రలు వాడువారు పరీక్షకు రెండు దినములు ముందే వాటిని ఆపవలెను. లేనిచో ఫలితము తప్పుగా రావచ్చును.

థైరాక్సిన్ వాడువారికి ఒక మాట. దానిని పరగడుపున నీటితో వేసికొని, అరగంట నుండి గంట వరకు టీగాని, టిఫినుగాని తీసికొనరాదు. ఇనుము, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఎడముగా ఉండవలెను. రాత్రి డ్యూటీ దిగివచ్చి టీతోపాటు అన్నియు ఒకేసారి మ్రింగువారికి మందు ఒంటబట్టదు. డ్యూటీ చార్టు చూపి, ఏ వేళ కుదురునో డాక్టరునే అడుగుడు.

స్త్రీలను గూర్చి కూడ చెప్పవలెను. ఇనుము లోపము వలన వచ్చిన రక్తహీనతలో హెచ్.బి.ఎ.1.సి. అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించవచ్చును. రక్తములో ఇనుము సంగతి తేల్చుకొనక ఆ అంకె ఒక్కదానినే చూచి మందు పెంచరాదు.

అసలు చిక్కు మరొకటి. లోకో పైలట్లు షుగరును దాచుచున్నారు. పీరియాడికల్ మెడికల్‌లో పట్టుబడినచో రన్నింగ్ డ్యూటీ పోవును, కిలోమీటరు అలవెన్సు పోవునని భయము. పిల్లల చదువు, ఇంటి అప్పు ఆ అలవెన్సు మీదనే నడుచుచున్నప్పుడు ఆ భయమును నేను తప్పుపట్టను. దాచి తిరుగుటలో ఒక రాత్రి కేబిన్‌లో కన్ను మసకబారినచో వెనుక వేయిమంది ప్రయాణికులు ఉందురు. డీకేటగరైజ్ అయినవారికి ప్రత్యామ్నాయ ఉద్యోగము ఇచ్చు నిబంధనలు రైల్వేలో ఉన్నవి. సర్వీసులో ఉండగా వైకల్యము కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగించుటగాని, హోదా తగ్గించుటగాని కూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను చెప్పుచున్నది. అలవెన్సు నష్టము ఇంకను పోరాడి సాధింపవలసినదే.

కనుక యాజమాన్యమును మనము అడుగునవి ఇవి. షుగరు ఉన్న ప్రతి ఉద్యోగికిని టి.ఎస్.హెచ్. పరీక్ష ఉచితముగా జరుగవలెను. రాత్రి డ్యూటీలో భోజనమునకు, మందునకు నియమిత సమయము ఉండవలెను. వ్యాధిని స్వయముగా చెప్పిన రన్నింగ్ ఉద్యోగి ఆదాయము పడిపోరాదు. తపాలా సోదరుల పక్షమున మొదటి రెండు కోరికలను వారి శాఖాధికారులకు వేరుగా పంపుచున్నాము. వినతిపత్రము ద్వారము వద్ద బల్లమీద ఉన్నది. సంతకముతో పాటు మీ డ్యూటీ వేళలను కూడ అందు వ్రాయగోరుచున్నాను.