పుకారు, జ్ఞాపకం, ఆధారం: చరిత్రనూ మనోవిజ్ఞాన శాస్త్రాన్నీ కలిపి చదవడం



చరిత్ర అనగానే మనలో చాలామందికి తేదీలు, రాజవంశాలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. మనోవిజ్ఞాన శాస్త్రం అనగానే మానసిక వ్యాధులు, వాటికి చికిత్స చేసే వైద్యులు గుర్తుకు వస్తారు. పాఠశాలలో పదో తరగతి వరకు చరిత్ర సాంఘికశాస్త్రంలో ఒక భాగంగా ఉంటుంది. మనోవిజ్ఞాన శాస్త్రం సి.బి.ఎస్.ఇ. వంటి బోర్డుల్లో పదకొండో తరగతికి గాని ప్రత్యేక పాఠ్యాంశంగా రాదు. అందువల్ల ఈ రెండింటికీ సంబంధం లేదని అనుకుంటాం. నిజానికి ఈ రెండు శాస్త్రాలూ అడిగే ప్రశ్నలు ఒక్కటే. మనుషులు అలా ఎందుకు చేశారు? అలా చేశారని మనకు ఎలా తెలుసు?

ఈ రెండు ప్రశ్నలను ఉన్నత పాఠశాల స్థాయిలోనే కలిపి నేర్పడం ఎందుకు అవసరమో, ఎలా నేర్పవచ్చో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. అందుకు ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుందాం.

మాంగో: ఒక పరిచయం

జార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ పేరు మీరు వినే ఉంటారు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి అనే గ్రామం దగ్గర కర్మాగారం కట్టారు. 1912లో అక్కడ ఉక్కు తయారీ మొదలైంది. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. ఆ ప్రాంతంలో అంతకుముందు నుంచీ హో, సంతాల్, భూమిజ్ వంటి ఆదివాసీ ప్రజలు ఉన్నారు. కర్మాగారంలో పని కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి.

సాక్చి వైపు నుంచి సువర్ణరేఖ నది మీది వంతెన దాటితే వచ్చేదే మాంగో. కంపెనీ కట్టిన పట్టణానికి వెలుపల, నదికి ఆవలి ఒడ్డున పెరిగిన ప్రాంతం ఇది. పలు భాషలవారు, పలు మతాలవారు ఇక్కడ ఇరుగుపొరుగున ఉంటారు.

2017 మే నెలలో ఈ ప్రాంతమంతటా ఒక పుకారు పాకింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో సందేశాలు వచ్చాయి. ఒకరి నుంచి వేరొకరికి అవి చేరుతూ పోయాయి. మే 18వ తేదీన జంషెడ్‌పూర్ శివార్లలోని నాగాడీ దగ్గర, పక్క జిల్లా సరాయికేలా-ఖర్సావాఁలోని శోభాపూర్ దగ్గర గుంపులు చేరి, దారిన పోతున్నవారిని పట్టుకుని కొట్టి చంపాయి. చనిపోయినవారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. రెండు రోజుల తరువాత మాంగోలో నిరసనలు చెలరేగి ఉద్రిక్తతకు దారితీశాయి. అక్కడ కర్ఫ్యూ విధించారు.

ఈ సంఘటనను తరగతి గదిలో ఎలా చర్చించాలి? "జనం మూర్ఖులు, అందుకే నమ్మారు" అంటే పాఠం అక్కడితో ఆగిపోతుంది. వారు ఎందుకు నమ్మారు అని అడిగితేనే పాఠం మొదలవుతుంది.

1934 భూకంపం చెప్పిన పాఠం

ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన ఎంతో సహాయపడుతుంది. 1934 జనవరి 15న బిహార్, నేపాల్ ప్రాంతాల్లో మహా భూకంపం వచ్చింది. ఇప్పటి జార్ఖండ్ ఆనాడు బిహార్-ఒరిస్సా రాష్ట్రంలో భాగంగా ఉండేది. భూకంపం తరువాత ఎన్నో పుకార్లు పుట్టాయి. గ్రహణం రోజున ఇంకా పెద్ద భూకంపం వస్తుందని, ఫలానా తేదీన ప్రళయం తప్పదని చెప్పుకొన్నారు. పాట్నాలో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అయిన జమునా ప్రసాద్ ఈ పుకార్లను శ్రద్ధగా సేకరించి, 1935లో ఒక వ్యాసంగా ప్రకటించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. భూమి కంపించడం తెలిసినా నష్టం పెద్దగా జరగని చోట్ల కూడా భయంకరమైన పుకార్లు జోరుగా వ్యాపించాయి. ఇల్లు కూలనివాడు ఇంకా పెద్ద ఆపద వస్తుందని ఎందుకు నమ్మాలి?

అమెరికా శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ ఈ వ్యాసం చదివి చాలా ఆలోచించాడు. 1957లో ఆయన వివరించిన సిద్ధాంతానికి ఈ సమాచారం ఒక ప్రేరణ. ఆయన వివరణ సారాంశం ఇది. భూమి కదిలినప్పుడు ఆ జనానికి భయం పట్టుకుంది. చుట్టూ చూస్తే భయపడవలసినంత నష్టం కనిపించలేదు. భయం మాత్రం పోలేదు. కారణం కనిపించని భయం మనిషిని కుదురుగా ఉండనివ్వదు. అప్పుడు "ఇంకా పెద్దది రాబోతోంది" అన్న పుకారు ఆ భయానికి తగిన కారణాన్ని చూపించింది. అంటే, పుకారు భయాన్ని పుట్టించడమే కాదు. ముందే ఉన్న భయం కూడా పుకారును వెతుక్కుంటుంది.

నిప్పు లేనిదే పొగ రాదు అని మనం అంటూ ఉంటాం. పుకారు విన్నప్పుడు దాన్ని నమ్మడానికి ఈ సామెతనే సాక్ష్యంగా చెబుతాం. కాని ఆ నిప్పు చాలాసార్లు విన్నవాడి మనసులోనే ఉంటుంది.

నోటి నుంచి నోటికి

మాట ఒకరి నుంచి ఒకరికి చేరేటప్పుడు ఏమవుతుంది? కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ దీనిని పరిశీలించి 1932లో గ్రంథస్థం చేశాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువారికి చదవమని ఇచ్చి, తరువాత జ్ఞాపకం నుంచి చెప్పమన్నాడు. కథ చిన్నదైపోయింది. వారికి తెలియని విషయాలు జారిపోయాయి. సీల్ జంతువుల వేట కాస్తా చేపల వేటగా మారింది. వారు అబద్ధం చెప్పలేదు. తమకు అలవాటైన లోకానికి తగినట్టు కథను తిరిగి కట్టుకున్నారు. జ్ఞాపకం ఫోటో వంటిది కాదు. తలచుకున్న ప్రతిసారీ మళ్లీ అల్లుకునే వస్తువు అని దీనివల్ల తెలుస్తుంది.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ మరొక ప్రయోగం చేశారు. విద్యార్థులకు కార్ల ప్రమాదం చిత్రం చూపించి, కార్ల వేగం ఎంత అని అడిగారు. "గట్టిగా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే ఎక్కువ వేగం చెప్పారు. "తాకినప్పుడు" అని అడిగితే తక్కువ చెప్పారు. వారం తరువాత, చిత్రంలో పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. చూశామన్నవారు మిగతావారిలో కంటే "గుద్దుకోవడం" అన్న మాట విన్నవారిలో ఎక్కువగా ఉన్నారు. చిత్రంలో గాజు ముక్కలే లేవు. ప్రశ్న అడిగే తీరే జ్ఞాపకాన్ని మార్చగలదని తేలింది.

చరిత్ర చదివేవారికి ఇది చాలా ముఖ్యం. 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్న వివాదం నేపథ్యంలో జంషెడ్‌పూర్‌లో మతకలహాలు జరిగాయి. వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దానిపై జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ విచారణ జరిపింది. ఆ రోజులు చూసిన పెద్దలు ఆ నగరంలో ఇంకా ఉన్నారు. మాంగోలోని ఒక విద్యార్థి వారి దగ్గరకు వెళ్లి "వాళ్లు మీమీద ఎలా దాడి చేశారు?" అని అడిగితే ఒక జవాబు వస్తుంది. "ఆ రోజు మీరు ఎక్కడ ఉన్నారు? ఏం చూశారు?" అని అడిగితే మరొక జవాబు వస్తుంది. మొదటి ప్రశ్నలోనే తీర్పు ఉంది. రెండో ప్రశ్నలో లేదు.

మనస్తత్వం ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భయం, గుంపు మనస్తత్వం అన్న మాటలతో అన్నీ వివరించామనుకోకూడదు. పుకారు విన్నవారందరూ హంతకులు కాలేదు. ఒకే సందేశం ఎన్నో ఊళ్లకు చేరినా అన్ని ఊళ్లలోనూ హత్యలు జరగలేదు. అదే ఊరిలో ఆ రోజే ఎందుకు జరిగింది? అంతకుముందు అక్కడ ఏమేమి జరిగాయి? పరాయివారంటే అనుమానం ఎలా పెరిగింది? పోలీసుల మీద నమ్మకం ఎంత ఉంది? వీటికి జవాబు ప్రయోగశాలలో దొరకదు. కాలక్రమం, స్థలం, రికార్డులు పరిశీలించాలి. అది చరిత్రకారుడి పని.

బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ప్రకటించిన ప్రయోగం దీనిని స్పష్టం చేస్తుంది. ఆయన తీసుకున్నది 14, 15 ఏళ్ల బాలురను. అంటే మీ వయసువారినే. తెర మీద చుక్కలు ఎన్ని ఉన్నాయో ఊహించమని, దాని ఆధారంగా విడదీస్తున్నామని చెప్పి వారిని రెండు జట్లు చేశారు. తమ జట్టులో ఎవరున్నారో కూడా వారికి తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టు వారి వైపే మొగ్గారు. "మనవాళ్లు, పరాయివాళ్లు" అనే గీత ఎంత సులభంగా పడుతుందో ఈ ప్రయోగం చూపింది. కాని నిజజీవితంలో ఆ గీత భాష వెంట పడుతుందా, కులం వెంట పడుతుందా, మతం వెంట పడుతుందా అన్నది ఆ చోటి చరిత్ర నిర్ణయిస్తుంది. మనోవిజ్ఞాన శాస్త్రం మనిషికి సాధారణంగా ఏం జరుగుతుందో చెబుతుంది. చరిత్ర ఈ మనుషులకు ఇక్కడ ఏం జరిగిందో చెబుతుంది. రెండూ కావాలి.

మరొక విషయం. కారణం తెలుసుకోవడం వేరు, నేరాన్ని సమర్థించడం వేరు. భయం వల్ల చేశారని చెప్పినంత మాత్రాన హత్య హత్య కాకుండా పోదు. ఈ తేడాను ఉపాధ్యాయులు తరగతిలో స్పష్టంగా చెప్పాలి.

తరగతి గదిలో నాలుగు పద్ధతులు

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బట్టీ పట్టే చదువు నుంచి బయటకు రావాలని సూచించింది. అందుకు ఉపయోగపడే నాలుగు పద్ధతులు చూద్దాం.

మొదటిది, ఎవరు చెప్పారో ముందు చూడటం. 1991లో శామ్ వైన్‌బర్గ్ ఒకే చారిత్రక పత్రాలను చరిత్రకారులకూ ఉన్నత పాఠశాల విద్యార్థులకూ ఇచ్చి చదివించాడు. చరిత్రకారులు ముందుగా రాసినవారెవరు, ఎప్పుడు రాశారు అన్నది చూశారు. విద్యార్థులు ఎక్కువగా పై నుంచి కిందికి చదువుకుంటూ పోయారు. ఫోన్‌లో సందేశం వచ్చినప్పుడు మనం చేసేది కూడా అదే. పంపినవాడు మనకు తెలిసినవాడే కావచ్చు. మొదట రాసినవాడు ఎవరు? ఏ ఊరి సంగతి? ఏ తేదీ? ఈ మూడూ తెలియకపోతే అది సమాచారం కాదు.

రెండవది, కథను మధ్యలో ఆపడం. 1975లో బారూక్ ఫిష్‌హాఫ్ కొందరికి 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించి చదివించాడు. కొందరికి బ్రిటిష్‌వారు గెలిచారని, మరికొందరికి గూర్ఖాలు గెలిచారని చెప్పాడు. ఏ ఫలితం విన్నవారికి ఆ ఫలితమే ముందు నుంచీ తప్పనిసరి అనిపించింది. జరిగిపోయాక అన్నీ ముందే తెలిసినట్టు అనిపించడం మన అందరి స్వభావం. కాబట్టి ఉపాధ్యాయులు ఫలితం చెప్పకముందే పాఠం ఆపి, "మీరు ఆ స్థానంలో ఉంటే, అప్పటికి తెలిసినంత మేరకే ఏం చేసేవారు?" అని అడగాలి. 2017 సంఘటన చదివినప్పుడు "మేమైతే నమ్మేవాళ్లం కాదు" అనడం చాలా సులభం. సందేశం మన ఫోన్‌కు వచ్చిన రాత్రి, మన ఇంట్లో చిన్న పిల్లలుంటే, అది అంత సులభం కాదు.

మూడవది, పెద్దల జ్ఞాపకాలు సేకరించడం. మాంగోలోనే కాదు, ఏ ఊరిలోనైనా ఇది చేయవచ్చు. కృష్ణా జిల్లా విద్యార్థులు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి అడగవచ్చు. విశాఖపట్నం విద్యార్థులు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను గురించి అడగవచ్చు. తాతయ్య, అమ్మమ్మ చెప్పినదాన్ని వారి మాటల్లోనే రాసుకోండి. తరువాత మూడు గడులు గీయండి: వారు కళ్లారా చూసింది, ఇతరులు చెప్పగా విన్నది, తరువాత అనుకున్నది. ఏ వాక్యం ఏ గడిలోకి వస్తుందో నిర్ణయించండి. ఆ కాలపు దినపత్రికతో సరిచూడండి. తేడా వస్తే పెద్దలు అబద్ధం చెప్పారని కాదు. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే మీ పాఠం. ఒకటి మరచిపోకండి. బాధ కలిగించే జ్ఞాపకాలను చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు.

నాలుగవది, తెలియదని రాయడం నేర్చుకోవడం. పరీక్షలో ఖాళీ వదిలితే మార్కులు పోతాయి. కాని పరిశోధనలో "దీనికి ఆధారం దొరకలేదు" అనే వాక్యానికి విలువ ఉంది. ఆ మాట చెప్పడం అలవాటైనవాడు పుకారును ముందుకు పంపడు.

ముగింపు

ఇంతవరకు చెప్పుకున్నదాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం. భయం కారణాన్ని వెతుక్కుంటుంది. జ్ఞాపకం తనకు అలవాటైన రూపం దిద్దుకుంటుంది. గుంపు తన గీత తాను గీసుకుంటుంది. ఇవి మన మనసుల సహజ లక్షణాలు. వీటిని పూర్తిగా తొలగించలేం. కాని ఇవి పనిచేస్తున్నప్పుడు గుర్తుపట్టగలం. ఎవరు చెప్పారు, ఎలా తెలుసు, ఇంకెవరైనా చూశారా అని అడిగే అలవాటును చరిత్ర మనకు ఇస్తుంది. ఆ ప్రశ్నలు అడగడం మన మనసుకు ఎందుకు కష్టమో మనోవిజ్ఞాన శాస్త్రం చెబుతుంది.

2017 మే నెలలో ఆ సందేశాలు అందుకున్నవారిలో ప్రతి ఒక్కరికీ దాన్ని తన దగ్గరే ఆపే అవకాశం ఉండింది. అలాంటి సందేశం రేపు మీకూ రావచ్చు. దాన్ని పంపే ముందు ఈ పాఠంలోని మూడు గడులూ ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి.

మీరు చేయవలసిన అభ్యాసం: ఈ వారంలో మీరు విన్న ఒక వార్తను తీసుకుని, అది మీకు చేరిన దారిని వెనక్కి వెళ్లి కనుక్కోండి. ఎంతమంది దాటాక ఆ దారి తెలియకుండా పోయిందో రాసి, తరగతిలో చర్చించండి.