బడి ఈడు పిల్లల భుజాన ఇంటి సేవ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి కుటుంబాలను పీడిస్తోంది. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటలు. తండ్రి మంచాన పడి, తల్లి జీడిపప్పు పనికో కూలికో వెళితే, ఇక సేవంతా బడి ఈడు పిల్లలదే.

ఆ పని చిన్నదేం కాదు. రోజుకు ఇన్నే నీళ్లని గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. కూరముక్కలు ఉడికించి, ఆ నీళ్లు వంపేసి మళ్లీ వండాలి. పొద్దుటి బిళ్లలు, రాత్రి బిళ్లలు వేరుచేయాలి. నిద్ర చాలదు, బడికి నాగాలు పడతాయి. "ఎంత బుద్ధిమంతురాలో!" అని మనం మెచ్చుకుంటాం. ఆ మెప్పు వెనుక చదువు ఆగిపోతున్న సంగతి గమనించం.

ఉపాధ్యాయులారా, నాగా పెట్టిన పిల్లల్ని మందలించే ముందు ఇంట్లో ఎవరికి బాగోలేదో అడగండి. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో బాధపడుతుంటే, ఆదాయ పరిమితికి లోబడి, కేంద్రప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయానికి అవకాశం ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. పిల్లల సహాయానికి 1098, వృద్ధుల విషయంలో సలహాకు 14567 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

ఇరుగుపొరుగువారు వారంలో ఒక్కపూట ఆసుపత్రికి తోడు వెళ్లినా, ఆ పూట ఆ బిడ్డ బడిలో ఉంటుంది. పెద్దల సేవ పెద్దలమే పంచుకుందాం. పిల్లల్ని చదువుకోనిద్దాం.