పిల్లల రక్షణలో మన పాలు
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో కరువు భత్యం, వైద్య బిల్లులు, బకాయిల గురించి మాట్లాడుకోవడం మామూలు. ఈ రోజు అర్జీ పెట్టుకోవడం చేతగాని వాళ్ళ గురించి, అంటే ఆసరా లేని పిల్లల గురించి నాలుగు మాటలు చెబుతాను.

రేపల్లె లైను తెనాలి జంక్షనులో మద్రాసు–విజయవాడ ప్రధాన మార్గాన్ని కలుస్తుంది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లవాడు రేపల్లెలో రైలెక్కితే తెనాలిలో దిగి ఎటైనా పోగలడు. బాపట్ల పిల్లవాడికి ప్రధాన మార్గం ఊళ్ళోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోకి వచ్చాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఆ పిల్లవాడు ఎక్కిన రైలు దిగకముందే జిల్లా దాటిపోతాడు. మనం చూసినచోటే వాణ్ణి ఆపాలి.

అలాంటి బిడ్డ కనబడితే ఏం చెయ్యాలో 2015 నాటి బాల న్యాయ చట్టం స్పష్టంగా చెప్పింది. చూసినవారెవరైనా 24 గంటల్లోగా తెలియజేయాలి. 1098కి ఫోను చేసినా సరే, పోలీసు స్టేషనులో చెప్పినా సరే. బిడ్డను 24 గంటల్లోగా, ప్రయాణ కాలం మినహా, జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి.

ఇక్కడ మన జాలే ఒక్కోసారి తప్పుదారి పడుతుంది. "పాపం, మనింట్లోనే ఉంచుకుందాం, చేదోడుగా ఉంటుంది" అంటాం. "పిల్లలు లేని ఫలానావారికి ఇద్దాం" అంటాం. చట్టప్రకారం కాకుండా దత్తతకు ఇవ్వడం నేరం. అంతకన్నా ముఖ్యం, ఆ బిడ్డకోసం ఎక్కడో ఒక తల్లి వెతుకుతూ ఉండవచ్చు.

అనాథాశ్రమం ఆఖరి మార్గం మాత్రమే. తండ్రి పోయి తల్లి కూలికి పోయే ఇంట్లో, తల్లిదండ్రులిద్దరూ పోయి అమ్మమ్మ సాకే ఇంట్లో బిడ్డ అక్కడే పెరగడానికి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. ఈ ఆలోచన మన ఒక్కరిదే కాదు. ఆఫ్రికాలో ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను ఎందరో ముసలి అవ్వలే సాకారు. కెన్యా ప్రభుత్వం 2004లో అలాంటి పిల్లలను పెంచే కుటుంబాలకే నగదు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. బిడ్డకు గోడలకన్నా మనుషులు ముఖ్యమని అక్కడా గ్రహించారు.

అయితే ఆ 4,000 రూపాయలు దానంతట అది ఇంటికి రాదు. మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, బడి పత్రం కావాలి. ఒక పత్రంలో పేరు ఒకలాగా, మరో పత్రంలో ఇంకోలాగా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. చదువురాని అమ్మమ్మ రెండుసార్లు తిరిగి, కూలి పోగొట్టుకుని, మూడోసారి రాదు. నేను ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి. ఎక్కడ ఏ కాగితం లేక ఫైలు ఆగుతుందో మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

అందుకే నా ప్రతిపాదన ఇది. మూడు ఊళ్ళలోనూ వారానికి ఒక పూట ఇద్దరేసి సభ్యులం కూర్చుందాం. అలాంటి కుటుంబాల దరఖాస్తులు నింపి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అందజేసి, రసీదు తీసుకుని, మంజూరయ్యేదాకా వెంటపడదాం. ఇందుకు చందాలు అక్కర్లేదు. మన కళ్ళజోడు, కలం, ఓపిక చాలు.

1098 అంకె ప్రతి సభ్యుడి ఇంట్లో కేలండరు మీద రాసి ఉండాలి. ఈ ప్రతిపాదనను సభ తీర్మానంగా ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.